ఎగువ కబురు

అంబాజీపేట కొబ్బరి మార్కెట్ వెనక
డాబా మీద రేకుల గది.
కింద మిల్లులో డొక్కలు పీచవుతుంటాయి.
ఆ దుమ్ము కిటికీ సందుల్లోంచి వచ్చి
నా కీబోర్డు మీద ఎర్రగా కూర్చుంటుంది.

పొద్దున్నే నేను చదివేది
ఏదో రేవులో కంప్యూటర్లు ఆగిపోయి
ఓడలు బారులు తీరిన వార్త,
ఎవరో ఆస్పత్రి ఫైళ్ళకి తాళం వేసి
డబ్బడిగిన వార్త.
"అయ్యన్నీ మనకెందుకండి" అంటాడు టీ తెచ్చే ధనరాజు.
వానల్లో మళ్ళీ వాడే అడుగుతాడు,
"భద్రాచలం కాడ ఎన్నడుగులుందండి?"
అక్కడి నీళ్ళు రేపటికి మనవే కదా.
నావీ అలాంటి కబుర్లే, ధనరాజూ.

ఈ పాత పెట్టెలో
పదకొండు వేల నాలుగొందల చిల్లర ఉన్నాయి.
బ్యాంకు మేనేజరు గొంతుతో వచ్చినవి,
కరెంటు కోసేస్తామని బెదిరించినవి,
రొయ్య రేటు చెబుతానని ఫోన్లో దూరి
ఓటీపీలు మోసుకుపోయినవి.
ఒక్కోదానికీ అరవై నాలుగు అక్షరాల పేరు.
లోపల ఒక్క చుక్క కదిలినా
పేరు మొత్తం మారిపోతుంది,
ఇంటిపేరు కూడా మిగలదు.
జిప్ చేసి తాళం వేస్తాను.
తాళంచెవి ప్రపంచమంతా ఒక్కటే మాట:
ఇన్‌ఫెక్టెడ్.
అందరికీ తెలిసిన తాళం దొంగనేం ఆపుతుంది?
అది నాలాంటివాడి
నిద్రమత్తు వేలి కోసం.

పాలకొల్లు మీసేవ కుర్రాడు పంపుతాడు,
యానాం నుంచి రిటైరైన లెక్కల మేడమ్ పంపుతుంది,
ఎప్పుడూ అర్ధరాత్రి, ఎప్పుడూ "నమస్తే" లేకుండా.
కొత్త హార్డ్ డిస్కుకి తలా మూడొందలు వేసుకున్నాం.
జీతం లేదు. సెలవు అంతకన్నా లేదు.

రెండేళ్ళ కిందట ఒకటి
నా చేతుల్లోనే నిద్ర లేచింది.
కరెంటు పోయి వచ్చిన గందరగోళంలో
తప్పు మిషన్లో తెరిచాను.
చెల్లెలి బారసాల ఫొటోలు
ఇప్పటికీ ఉన్నాయి, తెరుచుకోవు.
ఆ సంగతి మేడమ్‌కి చెప్పలేదు.

మాఘమాసం, పెళ్ళిళ్ళ రోజులు.
యాళ్ళ కనకరత్నం గారు మెట్లెక్కి వచ్చారు.
కురిడీల బేరం ఆవిడది.
ఎవరిదో శుభలేఖ ఫోన్లోకొస్తే నొక్కారు,
లక్షా ఎనభై రెండు వేలు.
బ్యాంకూ స్టేషనూ తిరిగాక, చివరికి నేను.
కుర్చీ వేసి మంచినీళ్ళిచ్చాను.
డబ్బు నా వల్ల రాదని ముందే చెప్పాను.
ఆ శుభలేఖని బయటికి తీస్తున్నంతసేపూ
పక్కన నిలబడి, రెప్ప వెయ్యకుండా,
తక్కెడ ముల్లుని చూసినట్టు చూశారు.

"చంపేశారా?"
"లేదండీ. దాచాను."
"దాచడమేంటండి బాబూ!"
ఇంకో ఊళ్ళో ఇదే దిగితే
ఆనవాలు పట్టాలి కదండీ అన్నాను.
ఆవిడ స్క్రీన్ మీద వేలు పెట్టారు.
"ఈ గడి ఖాళీగా ఉందేంటి?"
పంపినవాళ్ళ పేరు రాయాలండీ అక్కడ,
సిగ్గుపడి ఎవరూ చెప్పరు.

కాసేపు మిల్లు చప్పుడొక్కటే.
"మా ఆయన పోయినప్పుడు
గవర్నమెంటాసుపత్రికి ఫ్యానిచ్చానండి.
రెండు వేల ఫ్యాను.
మూడు రెక్కల మీదా పేరు రాయించాను.
ఇది లక్షా ఎనభై రెండు వేలది.
నా పేరెట్టండి."

పెట్టాను.

ఇవాళ ఎవరో, ఏ ఊరో చెప్పలేదు,
ఒక ఫైలు పంపి ఇదేంటని అడిగారు.
అరవై నాలుగక్షరాలూ కలిశాయి.
నొక్కకండి, ఇది మాకు తెలిసిందే అని రాసి
కింద ఇంకో ముక్క చేర్చాను:
దాత, యాళ్ళ కనకరత్నం, కురిడీల వర్తకం.
అవతల నుంచి జవాబు లేదు.
నొక్కేశాకే అడిగారేమో.

రేకుల మీద వాన.
మెట్ల కింద నుంచి ధనరాజు కేకేస్తున్నాడు,
"నలభై మూడు దాటిందంటండీ!"